ఢిల్లీ గురించి వాదించాలంటే కొవ్వాడ నుంచి మొదలెట్టండి

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో అయినా, విజయనగరం గంటస్తంభం దగ్గర అయినా సాయంత్రం పూట టీ బడ్డీ ముందు కాసేపు నిలబడితే చాలు, మోదీ, రాహుల్, ట్రంప్, పుతిన్, అదానీ, అంబానీ అందరూ మాటల్లోకి వచ్చేస్తారు. విదేశాంగ విధానం మీకెందుకయ్యా, మీ పని మీరు చూసుకోండి అనేవాళ్ళు కూడా ఆ పక్కనే ఉంటారు. వాళ్ళ మాట పట్టించుకోకండి. 2018 నవంబరులో గుజరాత్‌లోని వేరావల్ నుంచి వేటకెళ్ళి పాకిస్తాన్ వాళ్ళకి చిక్కి, ఏడాది పైగా కరాచీ జైల్లో మగ్గి, 2020 జనవరిలో వాఘా దగ్గర బయటపడ్డ మత్స్యకారుల్లో మన శ్రీకాకుళం జిల్లా డి.మత్స్యలేశం వాళ్ళున్నారు. 193 కిలోమీటర్ల తీరం ఉన్న జిల్లా నుంచి మనవాళ్ళు గుజరాత్ దాకా ఎందుకు వెళ్ళాల్సి వచ్చిందన్నది ఊళ్ళో ప్రశ్న, రెండు దేశాల మధ్య మాటలు ఆగిపోతే జైల్లో ఉన్నవాడి గతేంటన్నది ఢిల్లీ ప్రశ్న, ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళకి ఆ రెండూ ఒకటే ప్రశ్న.

కాబట్టి వాదించండి, గట్టిగానే వాదించండి. కాకపోతే మన వాదనలు ఎక్కువ భాగం మనుషుల చుట్టూనే తిరుగుతున్నాయి. ఫలానా ఆయన మొనగాడు, ఫలానా ఆయన అమ్ముడుపోయాడు, అంతే. ఒక నాయకుడు మంచోడా చెడ్డోడా అన్నది ఎవరూ రుజువు చెయ్యలేరు, అందుకే ఆ తగువు ఏళ్ళ తరబడి తెగదు. ఒక నిర్ణయం మంచిదా చెడ్డదా అన్నదానికి మాత్రం కాగితాలుంటాయి, తేదీలుంటాయి, సంతకాలుంటాయి, డబ్బు ఎటు పోయిందో లెక్కలుంటాయి. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క ముక్క మీదే: మనిషిని వదిలేసి నిర్ణయాన్ని పట్టుకోండి, అది మన జిల్లాలో ఎక్కడ దిగిందో చూపించండి.

ఒక్క నిర్ణయం చాలు

"కార్పొరేట్లే దేశాన్ని నడుపుతున్నాయి" అని మొదలెడితే ఎదుటాయన "అయితే కంపెనీలు వద్దా, ఉద్యోగాలు ఎవరిస్తారు" అంటాడు, ఇక అక్కడితో సరి. అలా కాకుండా రణస్థలం మండలం కొవ్వాడ నుంచి మొదలెట్టి చూడండి. అక్కడ ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల అణు రియాక్టర్లు ఆరు కడతామని, అవి అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌస్‌వి అని ఏళ్ళుగా మాట నడుస్తోంది. దేశ రాజకీయం, విదేశాంగం, కంపెనీల పలుకుబడి మూడూ ఈ ఒక్క ఊళ్ళోనే దొరుకుతాయి.

వెనక నుంచి లాక్కుంటూ రండి. 2008లో అమెరికాతో పౌర అణు ఒప్పందం కుదిరింది. దాని మీదే లెఫ్ట్ పార్టీలు మన్మోహన్ సింగ్ ప్రభుత్వానికి మద్దతు తీసేశాయి, ప్రభుత్వం లోక్‌సభలో విశ్వాస పరీక్ష నెగ్గి గట్టెక్కింది. 2010లో అణు ప్రమాద నష్టపరిహార చట్టం వచ్చింది. భోపాల్ ఎవరూ మర్చిపోలేదు కాబట్టి, సరఫరా చేసిన యంత్రంలో లోపం వల్ల ప్రమాదం జరిగితే ప్లాంటు నడిపే సంస్థ ఆ కంపెనీ దగ్గర కూడా డబ్బు వసూలు చేసుకోవచ్చని సెక్షన్ 17(బి)లో రాశారు. అప్పుడు ప్రతిపక్షంలో ఉన్న బీజేపీ, లెఫ్ట్ పార్టీలు పట్టుబట్టకపోతే ఆ సెక్షన్ అంత గట్టిగా వచ్చేది కాదు. అమెరికా కంపెనీలకి అది మింగుడుపడలేదు. 2017 మార్చిలో వెస్టింగ్‌హౌస్ దివాలా పిటిషన్ వేసింది, తర్వాత చేతులు మారింది. 2025 డిసెంబరులో పార్లమెంటు శాంతి (SHANTI) అనే కొత్త అణు విద్యుత్తు చట్టం చేసి ఆ 2010 చట్టాన్ని తీసేసింది, అణు విద్యుత్తులోకి ప్రైవేటు కంపెనీలకి దారి తెరిచింది, లోపం ఉంటే సరఫరాదారుని అడిగే ఆ పాత హక్కు కాంట్రాక్టులో రాసుకుంటేనే తప్ప లేకుండా పోయింది.

ఇప్పుడు అడగండి. 2010లో ఆ సెక్షన్ కావాలన్న బీజేపీ 2025లో దాన్ని ఎందుకు వదిలేసింది? అమెరికా ఒప్పందం కోసం ప్రభుత్వాన్నే పణంగా పెట్టిన కాంగ్రెస్ 2025లో ఎందుకు అడ్డుపడింది? కేంద్రంలో భాగస్వామిగా ఉన్న టీడీపీ ఎంపీలు మన కొవ్వాడ గురించి సభలో ఏం మాట్లాడారు? ఈ మూడు ప్రశ్నల్లో ఏ పార్టీకీ తప్పించుకునే సందు లేదు, అందుకే ఇవి మంచి ప్రశ్నలు. మీ పార్టీని ఇబ్బంది పెట్టని ప్రశ్న మాత్రమే మీ దగ్గర ఉందంటే ఆ రోజు వాదనకి మీరింకా తయారు కాలేదని లెక్క.

ఎదుటాయన చెప్పగల గట్టి మాట ఏదో ముందే ఆలోచించి పెట్టుకోండి, వీలైతే ఆయన కంటే ముందు మీరే చెప్పండి. ఇక్కడ ఆ మాట ఏంటంటే, "సోంపేటలో బొగ్గు వద్దన్నారు, కాకరాపల్లిలో వద్దన్నారు, ఇప్పుడు అణువూ వద్దంటే కరెంటు ఎక్కడ్నుంచి తెస్తార్రా?" ఇది తీసిపారేసే మాట కాదు. పరిశ్రమ లేక మన కుర్రాళ్ళు హైదరాబాద్, చెన్నై, విదేశాలు పట్టిపోతున్న జిల్లాల్లో ఈ ప్రశ్నకి బరువుంది. దీనికి జవాబు నినాదంతో ఇవ్వొద్దు, సోంపేటతోనే ఇవ్వండి.

సోంపేటలో అసలు తగువు అభివృద్ధి కావాలా వద్దా అని కాదు. పనికిరాని ప్రభుత్వ భూమి అని థర్మల్ ప్లాంటుకి చూపించిన చోటు నిజంగా పనికిరానిదా, లేక చుట్టుపక్కల ఊళ్ళకి నీళ్ళూ, చేపలూ, పశువులకి మేతా ఇచ్చే బీల, అంటే చిత్తడి నేలా, అన్నది తగువు. 2010 జూలై 14న అక్కడ కాల్పులు జరిగి మనుషులు పోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. అంటే కళ్ళతో చూసి తేల్చగలిగిన విషయాన్ని ముందే తేల్చి ఉంటే ఆ ప్రాణాలు పోయేవి కావు. నాకు ఇప్పటికీ మనసు రగిలిపోయే విషయం ఇది. అందుకే కొవ్వాడ మీద కూడా "అణువు కావాలా వద్దా" అని కాకుండా, ప్రమాదం జరిగితే డబ్బు ఎవరిస్తారు, ఎంత ఇస్తారు, యూనిట్ కరెంటు ఎంతకి పడుతుంది, వేట పోయిన కుటుంబానికి పునరావాసం ఎక్కడ, ఇవి అడగండి. ప్లాంటు రావాలనుకునేవాడు కూడా ఈ ప్రశ్నలు వద్దనలేడు.

ఫోన్‌లో వచ్చింది, పార్లమెంటులో చెప్పింది

ఎవరో ఒకరు ఫోన్ మొహమ్మీదకి తెచ్చి "బావా, ఇది సూడు, అమెరికావోడికి మనోడు ఎలా జవాబిచ్చాడో!" అంటారు. వెంటనే "అబద్ధం" అనకండి, అలా అంటే అది ఫోన్ మీద వాదన కాదు, ఆయన పరువు మీద వాదన అయిపోతుంది. "ఎప్పుడిది బావా ఇది? మొత్తం ఓపాలి ఎట్టు, సూద్దాం" అనండి. ముక్క వీడియో అయితే అక్కడే తేలిపోతుంది, పాతదైతే తేదీ దగ్గర తేలిపోతుంది. అప్పుడు మీరు గెలిచినట్టు నవ్వకండి, తర్వాత విషయంలోకి వెళ్ళిపోండి. అందరి ముందు చిన్నబోయినవాడు రేపు మీ మంచి మాట కూడా వినడు.

మీ చేతిలో ఉండాల్సింది పార్లమెంటు ప్రశ్నోత్తరాలు. సంసద్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు, ఎంపీ పేరుతో గానీ, శాఖ పేరుతో గానీ వెతకొచ్చు. కొవ్వాడ అయితే అణుశక్తి శాఖ, మత్స్యకారులైతే విదేశాంగ శాఖ. ఒక జవాబు తెరిచి నెమ్మదిగా చదవండి. ప్రశ్న (ఎ), (బి), (సి), (డి) అని విడివిడిగా ఉంటుంది. జవాబు మాత్రం చాలాసార్లు "(ఎ) నుంచి (డి) వరకు" అని ఒకే పేరాగా వస్తుంది. ఆ పేరాని ప్రశ్న పక్కన పెట్టుకుని ఒక్కో ముక్కకీ జవాబు వచ్చిందా అని వేలు పెట్టి చూసుకోండి. ఎంత పరిహారం ఇచ్చారు అన్నదానికి అంకె ఉంటుంది, ఎప్పటికి పూర్తవుతుంది అన్నదానికి ఏమీ ఉండదు. ఆ ఖాళీయే మీ వాదనకి పనికొచ్చే విషయం. మంత్రి ఏం చెప్పారో అందరూ చెబుతారు, దేనికి చెప్పలేదో మీరు చెప్పండి.

మత్స్యకారుల విషయంలో ఇంకో కాగితం ఉంది. 2008 ఒప్పందం ప్రకారం భారత్, పాకిస్తాన్ ప్రతి ఏడాది జనవరి 1న, జూలై 1న తమ జైళ్ళలో ఉన్న అవతలి దేశం వాళ్ళ జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. పాకిస్తాన్ మీద ఎంత కోపం ఉన్నా సరే, "ఈసారి జాబితాలో మత్స్యకారులు ఎంతమంది, అందులో శిక్షాకాలం అయిపోయినవాళ్ళు ఎంతమంది" అన్న ప్రశ్నకి దేశభక్తుడైనవాడు ఎవడూ అడ్డు చెప్పడు.

రష్యా నూనె, మన రొయ్య

విదేశాంగం మీద వాదన ఎప్పుడూ గాల్లో తేలుతూ ఉంటుంది. దాన్ని కిందకి దించే పద్ధతి ఒక్కటే, ఆ నిర్ణయం వల్ల ఎవరికి రూపాయి వచ్చింది, ఎవరికి పోయింది అని గొలుసు పట్టుకుని రావడం.

ఉక్రెయిన్ యుద్ధానికి ముందు మనం కొనే ముడిచమురులో రష్యా వాటా 2 శాతం దరిదాపుల్లో ఉండేది, తర్వాత మూడో వంతు దాటిపోయింది. దాన్ని సాకుగా చూపించి అమెరికా మన సరుకు మీద అదనంగా ఇంకో 25 శాతం వేసి, 2025 ఆగస్టు 27 నుంచి మొత్తం సుంకం 50 శాతం చేసింది. రొయ్యకి అదీ కాక పాత యాంటీ డంపింగ్ సుంకాలు (మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసేవి) వేరే. మన రొయ్యకి పెద్ద మార్కెట్ అమెరికాయే, దేశం నుంచి వెళ్ళే రొయ్యలో పెద్ద వాటా ఆంధ్రాదే. పూసపాటిరేగ, భోగాపురం వైపు వనామీ చెరువు పెట్టుకున్నవాడికి పుతిన్ కథ అంతా చివరికి కౌంటు రేటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని బట్టి కట్టే ధర) రూపంలోనే వినిపిస్తుంది. (రేట్లు ఆ తర్వాత కూడా మారుతూ వచ్చాయి, వాదనకి దిగే రోజున ఎంతుందో చూసుకుని వెళ్ళండి.)

"అమెరికా చెబితే మనం వినాలా?" అంటారు. వినక్కర్లేదు, నేనూ అదే అంటాను. యుద్ధానికి అమెరికా, యూరప్ పెట్టిన లెక్కలు వాళ్ళవి, మన అవసరం మనది, మనకి కావాల్సిన ముడిచమురులో 85 శాతం పైగా దిగుమతే. అయితే తర్వాతి ప్రశ్న దగ్గర ఆగిపోకూడదు: ఆ చవక నూనె లాభం ఎవరికి చేరింది? 2022 మేలో ఎక్సైజు సుంకం తగ్గించాక, మళ్ళీ 2024 మార్చిలో 2 రూపాయలు తగ్గించేదాకా పంపు దగ్గర రేటు దాదాపు కదల్లేదు. రష్యా నూనె ఎక్కువగా కొన్నవాళ్ళలో ప్రైవేటు రిఫైనరీలు ముందున్నాయి, రిలయన్స్, ఇంకా నయారా. నయారాలో 49 శాతం పైగా వాటా రష్యా కంపెనీ రాస్‌నెఫ్ట్‌దే. శుద్ధి చేసిన డీజిల్ యూరప్‌కి కూడా వెళ్ళింది.

అవతలి పక్షం మాట కూడా న్యాయంగా చెప్పండి. 2022లో ప్రపంచ ధర ఆకాశాన్నంటినప్పుడు ప్రభుత్వ చమురు కంపెనీలు మనకి రేటు పెంచకుండా నష్టం భరించాయి. ఇంధన ఎగుమతుల మీద ఆ ఏడాది జూలైలో ప్రభుత్వం అదనపు లాభాల పన్ను వేసింది, 2024 డిసెంబరులో తీసేసింది. ఈ రెండూ దాచిపెట్టి వాదిస్తే తెలిసినవాడు ఎవడైనా ఒక్క నిమిషంలో మిమ్మల్ని కూలదోస్తాడు. రెండూ చెప్పాక కూడా ప్రశ్న నిలబడే ఉంటుంది: లాభం ఒకరికి, సుంకం దెబ్బ రొయ్య రైతుకి అయినప్పుడు, ఆ లాభంలోంచి ఈ రైతుకి ఏం ఇవ్వాలి? ఇది రష్యా వైపా అమెరికా వైపా అన్న వాదన కాదు ఇక, బడ్జెట్ వాదన. దీని మీద రెండు పార్టీల వాళ్ళూ ఒక మాట మీదకి రావచ్చు కూడా.

ఇలాంటి గొలుసు తెలిసినవాళ్ళు టీ బడ్డీ దగ్గర ఉండరు చాలాసార్లు. పలాస జీడిపప్పు బట్టీల్లో పనిచేసే ఆడవాళ్ళని అడగండి, ఆఫ్రికా నుంచి జీడిపిక్కలు రావడం ఆలస్యమైతే పనిదినాలు ఏమవుతాయో వాళ్ళకి తెలుసు. జీడిపిక్కల దిగుమతి సుంకాన్ని 2018 బడ్జెట్‌లో 5 శాతం నుంచి 2.5కి తగ్గించడం బట్టీకి మేలు, జీడితోట రైతుకి భయం. మగాళ్ళం మాత్రమే కూర్చుని దేశాన్ని తేల్చేసే అలవాటు మానుకుంటే మన వాదనలు సగం బాగుపడతాయి.

కంపెనీల చందాలు

ఇక్కడ ఎవరి చేతులూ శుభ్రంగా లేవు, అది ముందే ఒప్పుకుని మొదలెడితే మంచిది. ఇచ్చినవాళ్ళ పేరు బయటికి రాకుండా పార్టీలకి చందా ఇచ్చే ఎలక్టోరల్ బాండ్ల పథకాన్ని 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి కొట్టేసింది. బయటికొచ్చిన లెక్కల్లో 2019 ఏప్రిల్ నుంచి చూస్తే బీజేపీకి దాదాపు 6 వేల కోట్లు, మొత్తంలో సగానికి దగ్గర. అదే లెక్కలో వైసీపీకి 337 కోట్లు, టీడీపీకి 219 కోట్ల దరిదాపుల్లో ఉన్నాయి, కాంగ్రెస్‌కీ వెయ్యి కోట్లు దాటాయి. పార్టీల్లో బాండ్లు తీసుకోకుండా కోర్టుకెళ్ళింది సీపీఎం. మీరు ఏ పార్టీ అయినా ఈ లెక్క మొత్తం చెప్పండి, మీకు నచ్చిన లైను ఒక్కటే చదవకండి.

ఇంకా పాత కథ ఒకటుంది, నాకు దీని మీదే ఎక్కువ కోపం. వేదాంత గ్రూపు కంపెనీల చందాల విషయంలో కాంగ్రెస్, బీజేపీ రెండూ విదేశీ విరాళాల చట్టాన్ని ఉల్లంఘించాయని 2014లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. 2016 ఫైనాన్స్ చట్టంలో, ఏది విదేశీ చందా అన్న నిర్వచనాన్ని వెనకటి తేదీ నుంచి మార్చేశారు, 2018లో దాన్ని ఇంకా వెనక్కి, 1976 దాకా లాగారు. పొద్దున్నే లేస్తే ఒకరినొకరు తిట్టుకునే రెండు పార్టీలూ కలిసి లాభపడ్డ సవరణ అది. "అందరూ దొంగలేరా" అని టీ గ్లాసు పెట్టేసి లేచిపోయేవాడికి ఇది చెప్పండి. అందరూ దొంగలే అనుకుని ఊరుకుంటే లాభం ఎవరికో, ఏ సెక్షన్ ఏ ఏడాదిలో మారిందో తెలుసుకుంటే నష్టం ఎవరికో ఆయనే ఆలోచించుకుంటాడు.

చందా ఇచ్చినంత మాత్రాన లంచం అయిపోదు. తేదీలు పక్కపక్కన పెట్టాలి, చందా ముందా, కాంట్రాక్టు ముందా, సోదాలు ముందా అని. అలాగే ఆరోపణ వేరు, కోర్టులో మోపిన అభియోగం వేరు, తీర్పు వేరు. 2024 నవంబరులో అమెరికా న్యాయశాఖ అదానీ గ్రూపు వాళ్ళ మీద మోపిన అభియోగాల్లో సౌర విద్యుత్తు కొనుగోలుకి సంబంధించి ఆంధ్రప్రదేశ్ పేరు వచ్చింది. ఆ గ్రూపు ఖండించింది, ఆ కొనుగోలు నాడు అధికారంలో ఉన్న వైసీపీ కూడా ఖండించింది. "నిప్పు లేనిదే పొగ రాదు" అనేస్తే సులువే, కానీ అదే సామెత రేపు మీ నాయకుడి మీద వాడతారు. లంచం సంగతి తేలేది కోర్టులో. మనం ఇక్కడ అడగాల్సింది, ఆ కరెంటు యూనిట్ ఎంతకి ఒప్పుకున్నారు, ఎన్నేళ్ళకి ఒప్పుకున్నారు, మన బిల్లులో ఎంత పడుతుంది. దానికి విద్యుత్ నియంత్రణ మండలి ఆర్డర్లున్నాయి, ఎవరైనా చదవొచ్చు.

గొంతు లేస్తే

మనం వాదించేది ముక్కూమొహం తెలియనివాడితో కాదు, రేపు పెళ్ళిలో పక్కన కూర్చునేవాడితో, పొలం గట్టు పంచుకునేవాడితో. పెద్దాయన అయితే "మావయ్యా, మీరన్నది నిజమే, ఈ ఒక్కటి మాత్రం నాకు అర్థం కాలేదు" అని అడగండి, నిజంగానే అర్థం కాని చోటే అడగండి, దెప్పడానికి కాదు. "మరి మీవోళ్ళు చేసినప్పుడో?" అని వస్తే "చేశారు, అదీ తప్పే, ఇప్పుడు ఇది చూద్దాం" అనండి. ఆ ఒక్క మాటతో సగం అరుపులు ఆగిపోతాయి, ఎందుకంటే ఎదుటాయన మీ దగ్గర ఎదురుచూసింది అది కాదు. కులం మాట వచ్చిందా, ఇంట్లో ఆడవాళ్ళ ఊసు వచ్చిందా, అక్కడితో వాదన ఆపేసి లేచిపోండి. ఎలక్షన్ ముందు నెల అయితే కొత్త విషయం ఎత్తకపోవడమే మంచిది, ఆ నెలలో ఎవరూ మనసు మార్చుకోరు.

ఇద్దరికీ తెలియని విషయం దగ్గర వాదన ఆగితే అదే మంచి చోటు. ఇద్దరూ కలిసి సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, పైన 10 రూపాయలు. విదేశీ సంబంధాలు, వాణిజ్య రహస్యం అని సెక్షన్ 8 కింద తిప్పికొట్టే ప్రశ్నలు వెయ్యకండి, రియాక్టర్ కాంట్రాక్టు కాపీ ఇమ్మంటే రాదు. "కొవ్వాడ ప్రాజెక్టు కోసం ఇప్పటిదాకా ఊరి వారీగా ఎన్ని ఎకరాలు సేకరించారు, ఎంతమందికి ఎంత పరిహారం చెల్లించారు, ఇంకా చెల్లించాల్సింది ఎంత, పునరావాస కాలనీలో ఎన్ని ఇళ్ళు పూర్తయ్యాయి" అని తెలుగులోనే, ఒక్కో ప్రశ్నకి ఒక్కో నంబరు వేసి, కలెక్టరాఫీసులో సమాచార అధికారికి రాయండి. ప్లాంటు కావాలనేవాడి సంతకం, వద్దనేవాడి సంతకం రెండు దరఖాస్తుల మీద విడివిడిగా పెట్టినా ప్రశ్నలు మాత్రం ఒకటే ఉండనివ్వండి. తేదీ వేసిన రసీదు అడిగి తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, లేదా సగమే వస్తే, ఆ తర్వాత ఇంకో 30 రోజుల్లోపు అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు వెయ్యాలి, దానికి ఆ రసీదు జిరాక్స్ జతచెయ్యండి.